వంకర చిటికెనవేలు

"ఎడమచేతి చిటికెనవేలు కాస్త వంకరగా ఉంటుంది. చిన్నప్పుడు పడి విరిగిందట" అన్నాడు టీవీలో మనిషి. "దాన్నిబట్టి నా భార్య యోలాందాను ఎవరైనా గుర్తుపట్టవచ్చు."

వంటింట్లో బంగాళాదుంపలు చెక్కుతున్న నేలిదా చేతిలోంచి కత్తి జారింది. గబుక్కున ఎడమచేతిని నడుముకు కట్టుకున్న వంటగుడ్డ కింద దాచుకుంది. ఆ వేలు పడి విరగలేదు. అతడే తలుపు సందులో పెట్టి నొక్కాడు.

పెరూ దేశంలోని ఆరెకిపా నగరంలో, సంతకు వెనకవీధిలో ఉన్న ఆ పూటకూళ్ల హోటలు మధ్యాహ్నం వేళ కిటకిటలాడుతోంది. తప్పిపోయినవాళ్ళను వెతికిపెట్టే ఈ కార్యక్రమం మొదలైతే చెంచాల చప్పుడు కూడా తగ్గిపోతుంది. తెర మీద ఆమె మొగుడు విల్బెర్ తెల్లచొక్కా వేసుకుని, కూతురి ఫోటో గుండెకు హత్తుకుని వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. పక్కన యాంకరమ్మ కూడా కళ్ళు తుడుచుకుంది.

"తల్లీకూతుళ్ళను ఆరెకిపాలో చూశామని ఒకరు ఫోన్ చేశారు. మీరూ చూస్తే వెంటనే ఈ నంబరుకు చెప్పండి. ఈ తండ్రిని బిడ్డతో కలపండి."

తల్లి ఫోటో కూడా వేశారు. అందులో నడుము దాటిన రెండు జడలు. ఇప్పుడు నేలిదా జుట్టు చెవుల దాకానే. పేరు కూడా అప్పటిది కాదు.

"ఇంతగా ఏడ్చే మొగుణ్ణి వదిలేసి పోయిందంటే అదేం ఆడదండీ!" అన్నాడు టాక్సీ నడిపే ఫోర్తునాతో.

"మీ ఆవిడ పోతే నువ్వేం చేస్తావు?" పూలమ్మే ఆమె అడిగింది.

"ముందు ఇంకో గిన్నె సూపు తాగుతా. తర్వాత ఆలోచిస్తా."

అందరూ నవ్వారు. హోటలు యజమాని జెనోబియా నవ్వలేదు. గరిటె పట్టుకుని తెరవంకే కాసేపు చూసి, వంటింట్లోకి వచ్చింది.

"చేతులు చూపించు."

"తడిగా ఉన్నాయి, సెన్యోరా."

"చూపించమన్నానా?"

నేలిదా చూపించింది. జెనోబియా ఆ వేలిని చూసింది. బయటికెళ్ళి టీవీ కట్టేసింది.

"అయ్యో, అదేంటమ్మా! సగంలో ఆపేశావ్!"

"తిని లేవండి. ఇవాళ తొందరగా మూసేస్తున్నా."

జనం గొణుక్కుంటూ వెళ్ళిపోయారు. జెనోబియా నేలిదా వైపు తిరిగింది. "నువ్వు మేడమీది గదిలోకి పో. నీ కూతురు మిలాగ్రోస్‌ను బడి నుంచి నేను తీసుకొస్తా."

"వద్దు సెన్యోరా, నేనే వెళ్తా..."

"చెప్పింది చెయ్యవే!"

నేలిదా గదిలోకి వెళ్ళగానే బయట తాళం పడింది. కిటికీకి ఇనుప కమ్మీలు. కింద నుంచి ఫోనులో జెనోబియా గొంతు వినిపించింది.

"అవును, ఇక్కడే ఉంది. తల్లీ కూతురూ ఇద్దరూ. ఆలస్యం చెయ్యకు. నువ్వొచ్చేదాకా దాన్ని బయటికి పోనివ్వను."

నేలిదా కిటికీ దగ్గరికి పరుగెత్తింది. అరుద్దామనుకుంది. అరిస్తే ఎవరొస్తారు? ఫోర్తునాతో వస్తాడు. పూలమ్మే ఆమె వస్తుంది. వచ్చి, ప్రేమగా చెయ్యిపట్టుకుని విల్బెర్‌కే అప్పజెబుతారు. ఊరు ఊరంతా ఇప్పుడతని పక్షమే. తలుపును భుజంతో గుద్దింది. కదల్లేదు. పాప ఇప్పుడెక్కడుందో! కెమెరాల ముందు నిలబెట్టారేమో. "నాన్న దగ్గరికి పో తల్లీ" అంటున్నారేమో. ఆ పిల్ల ఇప్పటికీ మగవాళ్ళ అడుగుల చప్పుడు వింటే మంచం కిందికి దూరుతుంది.

వీధిలో పెద్ద బండి ఏదో ఆగింది. మెట్ల మీద అడుగులు. వాటిలో మగమనిషి బూట్లు. నేలిదా మూలనున్న కుర్చీని రెండు చేతులా ఎత్తి పట్టుకుంది.

తలుపు తెరుచుకుంది. మిలాగ్రోస్ బన్ను నములుతూ లోపలికి పరుగెత్తుకొచ్చింది. వెనక జెనోబియా. ఆమె వెనక టోపీ పెట్టుకున్న ముసలాయన.

"ఆ కుర్చీ దించు. ఈయన సెవెరో, నమ్మకమైన మనిషి. ఉల్లిపాయల లారీతో పూనో ఊరికి పోతున్నాడు. బస్తాల మధ్య కూర్చో. అక్కడ నాకు తెలిసినామెకు రొట్టెల కొట్టుంది, పని ఇస్తుంది."

"మరి... తాళం?"

"టీవీవాళ్ళొచ్చి తట్టినా మేడమీద ఎవరూ లేరనుకోవాలి కదా. చెప్పడానికి టైమెక్కడుంది నాకు?"

నేలిదా కుర్చీ దించి, దానిమీదే కూలబడింది. పాపను ఒళ్ళోకి లాక్కుంది.

"ఊరంతా అతని కోసం ఏడ్చింది, సెన్యోరా. మీరొక్కరే ఎందుకు నమ్మలేదు?"

జెనోబియా తన శాలువా తీసి పాపకు చుట్టి, ముడి వేసింది.

"నన్ను వెతుక్కుంటూ టీవీలో మా ఆయన ఇంతకంటే బాగా ఏడ్చాడు."