పెట్టె విప్పని బూట్లు

పార్సిల్ అందిన మూడో రోజు మధ్యాహ్నం ఎవరో ఆపిల్ షెడ్డు తలుపు తట్టారు.

లోపల షిగెహారు తన కొడుకు స్నోబోర్డుకు ఉక్కు కమ్మీలు బిగిస్తున్నాడు. మంచు వాలు మీద నిలబడి జారే, సన్నగా, పొడుగ్గా ఉండే పందెం బోర్డు అది. దానికి మెత్తటి బూట్లు పనికిరావు. కమ్మీల్లో కదలకుండా కూర్చునే గట్టి ప్లాస్టిక్ బూట్లు కావాలి.

కొడుకు సోహెయ్ పాదం ముప్ఫై సెంటీమీటర్లు. ఇక్కడ జపాన్ దుకాణాల్లో ఇరవై ఎనిమిది దాటి దొరకవు. రెండు శీతాకాలాలు ఇరుకు బూట్లతోనే కొండ దిగాడు. బొటనవేళ్ళ గోళ్ళు రెండూ నల్లబడి ఊడిపోయాయి.

ఆదివారం పోటీలో మొదటి ముగ్గురిలో నిలిస్తే సప్పోరో కాలేజీ జట్టు తీసుకుంటుంది. లేకపోతే తండ్రితో పాటు మంచులో నిలబడి ఆపిల్ కొమ్మలు కత్తిరించుకోవడమే.

అందుకని తండ్రీకొడుకులు ఇంటర్నెట్‌లో వెతికి ఇటలీ నుంచి తెప్పించారు. మూతపడిన దుకాణం సరుకు. ఇరవై రెండేళ్ళ నాటివే గానీ ఒక్కసారి కూడా ఎవరూ వేసుకోలేదు. పెట్టెలోని కాగితం సైతం నలగలేదు. ఆ మురిపెంతో షిగెహారు ఫొటో తీసి, ఊరి పేరు రాసి, గట్టి బూట్లు వాడేవాళ్ళంతా చూసే ఇంటర్నెట్ పేజీలో పెట్టాడు.

ఆ ఫొటో చూసే వచ్చానన్నాడు తలుపు తట్టిన మనిషి. పేరు ఓబినాతా అట. నాగానో నుంచి తొమ్మిది గంటలు మంచులో కారు నడుపుకుంటూ వచ్చాడట. అరవై దాటి ఉంటాయి. గడ్డం మాసి ఉంది.

బూట్లు ఒకసారి చూడనివ్వమన్నాడు. చీలమండ దగ్గర బొటనవేలితో నొక్కాడు. వాసన చూశాడు.

"ఇవి నాకిచ్చెయ్యండి. ఇదే సైజులో వేరే జత ఇస్తాను."

షిగెహారు వెళ్ళి కారులోకి చూశాడు. వెనక అన్ని సైజుల పాత బూట్లూ గుట్టగా పడి ఉన్నాయి. ఓబినాతా తీసిచ్చిన జత నిండా గీతలే. అడుగు అరిగిపోయింది.

ఆటగాళ్ళను కొండ మీదికి చేరవేసే లిఫ్టు దగ్గర షిగెహారుతో పనిచేసే నారితా షెడ్డులో స్టవ్వు పక్కన టీ తాగుతున్నాడు.

"నాకూ ఒక పాత బండి ఉంది పెద్దాయనా. మీ కొత్త కారు ఇచ్చేసి పట్టుకుపోండి," అన్నాడు.

ఓబినాతా నవ్వలేదు. ఆ రకం ప్లాస్టిక్ వాడినా వాడకపోయినా లోపల్లోపల చెడిపోతుందన్నాడు. పెట్టెలో మూసిపెట్టినవి ఇంకా తొందరగా చెడతాయన్నాడు. గట్టి చలిలో, మలుపు మీద బరువు పడ్డప్పుడు గుడ్డు పెంకులా పగులుతాయన్నాడు. గీతలున్న జత వేరే రకం ప్లాస్టిక్కట, నాలుగేళ్ళ నాటిదే.

షిగెహారు కొత్త బూటు తీసి బల్లకేసి బలంగా కొట్టాడు. ఏమీ కాలేదు.

"పగిలిందా?"

"ఇక్కడ స్టవ్వు ఉందండీ. వెచ్చగా ఉంది."

ఇలాంటివాళ్ళ గురించి షిగెహారు విన్నాడు. పాత సామాను పోగేసి అద్దాల బీరువాలో అమర్చుకునేవాళ్ళు. చేతికి రాని వస్తువుకు వంక పెట్టేవాళ్ళు.

"మీ బీరువాలో ఈ సైజు ఒక్కటే ఖాళీగా ఉందేమో," అన్నాడు.

"మా ఇంట్లో..." అని ఓబినాతా ఏదో మొదలుపెట్టాడు.

"మీ ఇంటి సంగతి మీ ఇంట్లో చూసుకోండి. మావాడికి ఆదివారం పోటీ ఉంది."

ఓబినాతా సిమెంటు నేల మీద మోకాళ్ళూని నుదురు ఆనించాడు. ఒక జత బూట్ల కోసం ఇంతకు దిగజారిన మనిషిని చూసి షిగెహారుకు అసహ్యం వేసింది.

అప్పుడే బడి నుంచి వచ్చిన సోహెయ్ ఆయన్ని లేపి నిలబెట్టాడు.

ఓబినాతా ఆ కుర్రాడి పాదాల వైపు చాలాసేపు చూశాడు.

"బాబూ, పోనీ నీ ఇరుకు బూట్లే వేసుకో."

"వాటితో గెలవలేనండీ."

 ఓబినాతా పార్సిల్ మూత మీద తన ఫోన్ నంబరు రాశాడు. గీతల జతను షెడ్డు బయట గోడ పక్కన పెట్టి వెళ్ళిపోయాడు. దాన్ని ఎవరూ లోపలికి తేలేదు.

షిగెహారు కమ్మీలను అర మిల్లీమీటరు జరిపి, మళ్ళీ బిగించి, కొత్త బూటు కదలడం లేదని నాలుగుసార్లు చూసుకున్నాడు. పని బాగా కుదిరింది.

ఆదివారం ఉదయం మైనస్ పదిహేను డిగ్రీల చలి.

నాలుగో జెండా మలుపులో కుడి బూటు చీలమండ దగ్గర రెండు ముక్కలైంది. ఎడమకాలికి బోర్డు వేలాడుతుండగా సోహెయ్ బిర్చ్ చెట్లలోకి దూసుకుపోయాడు. లిఫ్టు ఆపింది నారితానే. హెలికాప్టరు వచ్చేసరికి దానితో పని లేకపోయింది.

బిగింపులో లోపం లేదని పోలీసులు రాసుకున్నారు. ఒక్క స్క్రూ కూడా వదులు కాలేదు.

కొడుకు నలభై తొమ్మిదో రోజు కార్యం ముగిశాక షిగెహారు పార్సిల్ మూత మీది నంబరుకు ఫోన్ చేశాడు. మిగిలిన ఎడమ బూటును ఏం చెయ్యాలో అతనికి తెలియలేదు. పారేస్తే ఎవరి చేతికైనా పోవచ్చు.

ఓబినాతా భార్య ఫోన్ ఎత్తింది. ఆయన ఇంట్లో లేరని చెప్పింది. హొక్కైదోలో ఎవరి దగ్గరో ఒక జత ఉందని తెలిసి వెళ్ళారట. ఆరేళ్ళుగా ఇదే పనట. ఆ బూట్లు ఎక్కడున్నా వెతికి తెచ్చి, రంపంతో కోసేస్తారట.

"మీ దగ్గర కూడా ఉన్నాయాండీ? దయచేసి ఎవర్నీ వేసుకోనివ్వకండి."

"ఒకటే ఉందండీ," అన్నాడు షిగెహారు.



"మీరే బిగించారా?" అని ఆవిడ మెల్లగా అడిగింది.

"నేనేనండీ."

"మా అబ్బాయికి కూడా వాళ్ళ నాన్నే బిగించారండీ."