నలభయ్యో నంబరు

"ముట్టకు బాపూ."

ఓదెలు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. రజిత గ్లౌజులు వేసుకుని ఉంది. టేబుల్ మీద ఉతికిన గుడ్డ, గుడ్డ మీద ఒక కార్డు. దాని మీద రెండు రంగుల్లో నెమలి బొమ్మ, కింద 40 అంకె.

"వేలిముద్ర పడితే మార్కు పోతదట. ప్రేమ్‌సాగర్ మూడుసార్లు చెప్పిండు."

ప్రేమ్‌సాగర్‌ది జగిత్యాల. పాత కార్డులు ఉన్నవాళ్ల దగ్గర వాటిని తీసుకుని గ్రేడింగ్ కోసం అమెరికా పంపిస్తాడు. అక్కడి కంపెనీ వాళ్లు కార్డు అసలుదో కాదో తేల్చి, అంచులూ మూలలూ చూసి, పదికి ఇన్ని అని మార్కులు వేసి, ప్లాస్టిక్ డబ్బీలో సీలు చేసి తిప్పి పంపుతారు. మార్కును బట్టి ధర.

"గంత దూరం పంపుడెందుకు బిడ్డా? ఇంట్ల ఉంటే ఏమైతది?"

"ఇంట్ల ఉంటే చెదలు తింటయ్."

"తొవ్వల పోతే?"

రజిత తలెత్తింది. "అప్పుడు గూడ గిదే మాటన్నవు."



1998లో వాళ్లు కోరుట్లలో ఉండేవాళ్లు. రజితకు తొమ్మిదేళ్లు. అర్ధరూపాయి బబుల్‌గమ్ పొట్లంలో ఒక జంతువు కార్డు వచ్చేది. నలభై కార్డులూ ఆల్బంలో పెట్టి పంపిన పిల్లలకు సైకిల్ ఇస్తామని గమ్ తయారుచేసేవాళ్లు ప్రకటించారు. ఆల్బంలో ప్రతి గడి కిందా జంతువు పేరు ఉండేది. నలభయ్యో గడి కింద ప్రశ్న గుర్తు ఉండేది. పిల్లలు బడి వెనక కార్డులు మార్చుకునేవాళ్లు. రెండు పులులిస్తే ఒక ఖడ్గమృగం. నలభయ్యోది మాత్రం ఎవరికీ రాలేదు. రజిత నాలుగు రోజులు ఏడ్చింది. శనివారం ఓదెలు జగిత్యాలలో పని ముగించుకుని వస్తూ గమ్ పొట్లం తెచ్చాడు. అందులో నెమలి వచ్చింది.

ఆల్బం పంపుదామంటే ఓదెలు ఒప్పుకోలేదు. పోస్టులో పోతుందన్నాడు. ఏడాది తిరిగేసరికి ఆ గమ్ రావడం ఆగిపోయింది.

"మూడేండ్లు హైస్కూలుకు నడిచిన," అంది రజిత. "పక్కపొంటి సైకిళ్లు పోతుంటె చూసుకుంట నడిచిన. నీ మీద ఆ కోపం ఇంక పోలే బాపూ."

ఆమె భర్త చందు చొక్కాకు అంటిన నూలు దులుపుకుంటూ లోపలికి వచ్చాడు. సిరిసిల్లలో వేరేవాళ్ల మరమగ్గాల మీద, అంటే సాంచాల మీద, పన్నెండు గంటలు పనిచేస్తాడు. కార్డు అమ్ముడుపోతే రెండు సాంచాలు సొంతంగా కొనాలని ఇద్దరూ అనుకున్నారు. బేరం కూడా చూసిపెట్టుకున్నారు.

"మామా, నువ్వు ముప్పై ఏండ్లు ప్రెస్సుల పెండ్లి పత్రికలు అచ్చేసినవు. చెప్పు, ఎన్ని మార్కులొస్తయ్?"

"గివి నాకేం ఎరుక?"

"కూలి పెంచుమంటె మా ఆసామి గూడ గిట్లనే అంటడు."

రజిత నవ్వింది. ఓదెలు కార్డు వైపు చూశాడు. "రేపు జగిత్యాలకు నేను తీస్కపోత తియ్యి."

"నువ్వా? వద్దు వద్దు. నేనే పోత."

అయినా తెల్లారి ఆమెతోపాటు బస్సెక్కాడు. వేములవాడలో దర్శనం చేసుకున్నవాళ్లు ఎక్కడంతో బస్సు నిండింది. రజిత సంచిని ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుంది.

"బిడ్డా, ఆ కార్డు సంగతి నీకొకటి చెప్పాలె."

"పోస్టుల పోతదంటవు. గంతేనా?"

ఓదెలు కిటికీ బయటికి చూశాడు. "గంతే."

ప్రేమ్‌సాగర్ భూతద్దం పెట్టి కార్డును పది నిమిషాలు చూశాడు. "మూలలు మంచిగున్నయ్ అక్కా. నెమలి కాలి వేలొకటి అచ్చుల పడలే."

"మార్కు పోతదా?"

"ఎందుకు పోతది? తప్పు అచ్చేసినోంది. మనదా?"

ఓదెలు బయటికి వెళ్లి మెట్ల మీద కూర్చున్నాడు.

పదకొండు వారాలు గడిచాయి. "అచ్చిందా?" అని రోజూ అడిగేవాడు. మామకు కూడా ఆశ పుట్టిందని చందు అన్నాడు.

"నకిలీది అంటరేమో బిడ్డా," అన్నాడు ఓదెలు ఒకరోజు.

"ఎట్లంటరు? గమ్ నువ్వే కొనుక్కచ్చినవు. పొట్లం నేనే ఇప్పిన."

ఆదివారం ప్రేమ్‌సాగర్ తనే సిరిసిల్ల వచ్చాడు. డబ్బీ టేబుల్ మీద పెట్టాడు.

"తొమ్మిది అక్కా. వాళ్ల లిస్టుల లేదని శానా దినాలు ఆపిండ్రు. కాగితం చూసిండ్రు, ఇంకు చూసిండ్రు. రెండు గూడ ఆ కాలానివే అని తేల్చిండ్రు. ఇసొంటిది ఇంకోటి ఇప్పటిదాంక ఎక్కడ బయటపడలేదట. హైదరాబాద్‌ల కొనేటాయన ఎల్లుండి అస్తడు."

చందు చెప్పులు వేసుకున్నాడు. సాంచాలకు బయానా ఇచ్చి వస్తానన్నాడు.

"ఆగు చందూ," అన్నాడు ఓదెలు.

"ఏంది మామా?"

రజిత కళ్లు తుడుచుకుంటోంది. నవ్వుతోంది కూడా. ఓదెలు ఆమెను చూశాడు.

"ఏం లేదు. పోయిరా."

రజిత డబ్బీని తండ్రి చేతిలో పెట్టింది. "ఇగ ముట్టు బాపూ, ఏంగాదు. నీ మీది కోపం ఇయ్యాల్టితోని పోయింది. అప్పుడు నువ్వు పంపనియ్యలేదు గనుకనే ఇది మిగిలింది."

ఓదెలు డబ్బీని వెలుతురుకు పట్టాడు. నెమలి కాలి దగ్గర, వేలు ఉండాల్సిన చోట ఖాళీ కనిపించింది. దాని మీద బొటనవేలితో రుద్దాడు. ప్లాస్టిక్ తగిలింది.

"ఏమన్న అను బాపూ."

"మంచిగున్నది బిడ్డా."

బిడ్డ ఏడుపు ఆపడానికి ఆ నెమలిని అచ్చేసి పొట్లంలో పెట్టింది ఓదెలే.