కుడివైపు సగమే

రిమోట్ బండ్ల పోటీకి బయల్దేరే ముందు చేయాల్సిన పనులను, లేత్ మీద పనిచేసే టర్నర్ తన చేత్తోనే రాసి, బండి పెట్టె మూతకు అంటించుకున్నాడు.

ముందు రిమోట్ ఆన్ చేయాలి, తర్వాతే బండి.
టైర్లను తిప్పే సర్వో మోటారు సరిగ్గా నడిమధ్యకు వచ్చాకే దాని మీద మీట బిగించాలి.
టైర్లను కలిపే టై రాడ్ కడ్డీ పొడవు చూసి ముందు టైర్లు రెండూ తిన్నగా నిలబెట్టాలి.
టైర్లు తిరిగే ఎడమ హద్దు, కుడి హద్దు సమానంగా పెట్టాలి. టైరు ఇరుసును రాసుకోకూడదు.
బావమరిదిని రిమోట్ ముట్టుకోనివ్వకూడదు.

మొదటి నాలుగూ అయ్యాయి. తప్పింది ఐదోదే. అందుకే టర్నర్‌కి ఒళ్ళు మండిపోతోంది.

బల్ల మీద మూరెడు పొడవున్న ట్రక్కు, బండరాళ్ళ మీదకు ఎక్కించేది. పోటీ పదిన్నరకి. రిమోట్ మీది చక్రాన్ని ఎడమకు తిప్పితే టైర్లు పూర్తిగా తిరుగుతున్నాయి. కుడికి తిప్పితే సగంలో ఆగిపోతున్నాయి. రాళ్ళ మీద ఆఖరి మలుపేమో కుడిదే. పోయినేడు బండి బోల్తా కొట్టింది అక్కడే. ఈసారీ అదే జరిగితే జట్టులోంచి పేరు కొట్టేస్తామని క్లబ్బువాళ్ళు మొహం మీదే చెప్పారు.

"నిన్న దీన్ని ముట్టుకుంది నువ్వే" అన్నాడు టర్నర్.

బావమరిది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. డ్యూటీ దిగి ఖాకీ చొక్కాతో నేరుగా వచ్చాడు. వ్యాను వీధి చివర ఆపాడు.

"దుమ్ము తుడిచాను బావా, అంతే."

"దుమ్ము తుడవడానికి సెట్టింగులు మార్చాలా?"

"నువ్వే చూసుకో. ఎడమ వంద, కుడి వంద. ఎక్కడ మార్చాను?"

తెర మీద అంకెలు అలాగే ఉన్నాయి. దాంతో కోపం ఇంకా పెరిగింది. కుడి హద్దును నూట పదికి పెంచాడు, తర్వాత నూట ఇరవైకి. అయినా టైర్లు చివరిదాకా పోలేదు. మీట విప్పి చూద్దామని స్క్రూడ్రైవర్ తీశాడు. అది వేళ్ళలోంచి జారి బల్ల కిందకి దొర్లింది. వంగి తీశాడు. మళ్ళీ జారింది.

"దీనికి గ్రీజు పూసింది కూడా నువ్వేనా?"

"రెండుసార్లు జారిందేంటి బావా?"

"వ్యాను తోలుకునేవాడివి, స్టీరింగ్ సెట్టింగ్ నీకేం తెలుసు? ఇరవై రెండేళ్ళు లేత్ మీద వెంట్రుకవాసి తేడా పట్టిన చెయ్యి ఇది. దీనికి నువ్వు వంక పెడతావా?"

బావమరిది టర్నర్ మొహంలోకే చూస్తున్నాడు.

"బావా, ఒక్కసారి నవ్వు."

"ఏంటీ?"

"ఊరికే. ఒక్కసారి నవ్వవా."

టర్నర్ లేచి నిలబడ్డాడు. "పోటీకి గంటన్నా లేదు. బండిని చెడగొట్టి, పైగా నన్ను నవ్వమంటావా?"

"పోనీ, రెండు చేతులూ పైకెత్తు."

"నీకు లొంగిపోవాలా నేను?"

"ఇప్పుడు తిట్టావు చూడు, అదే మళ్ళీ తిట్టు. మెల్లగా, మాట మాట విడదీసి."

వంటింట్లోంచి భార్య చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. "ఏరా, పొద్దున్నే ఆయన్ని ఉడికించకపోతే నీకు పొద్దుపోదా?"

"ఎప్పట్నుంచి ఇలా ఉన్నాడక్కా?"

"తొమ్మిదింటి దాకా బాగానే ఉన్నారు. ఆ బండి ముందు కూర్చున్నప్పట్నుంచే ఈ చిందులు."

బావమరిది గడియారం చూసుకున్నాడు. "తొమ్మిది" అని తనలో తాను అనుకున్నాడు. టర్నర్ అది కూడా చూశాడు.

"నా ఎదురుగా నిలబడి గడియారం చూస్తావా? అంత తొందరగా ఉంటే పో. మళ్ళీ నా గడప తొక్కావంటే కాళ్ళు విరుగుతాయి."

బావమరిది గిరుక్కున తిరిగి పరుగెత్తాడు. నడక కాదు, పరుగే.

"చూశావా నీ తమ్ముణ్ణి?" అంటూ టర్నర్ రిమోట్‌ని బల్ల మీదకి తోసేశాడు. "తప్పు చేసినవాడి పరుగు అలాగే ఉంటుంది."

భార్య రిమోట్ అందుకుంది. "ఇంతకీ దీనికేమైందని?" అంటూ చక్రాన్ని కుడికి తిప్పింది. టైర్లు చివరిదాకా తిరిగాయి. అది చాలక ఇరుసుకు తగిలి, సర్వో కీచుమని మూలిగింది.

"బాగానే తిరుగుతోంది కదండీ."

టర్నర్ రిమోట్ లాక్కున్నాడు. ఎడమ చేత్తో పిడి పట్టుకుని కుడి చేత్తో చక్రాన్ని బలమంతా పెట్టి తిప్పాడు. సగమే. ఆమె చేతికిచ్చాడు. పూర్తిగా తిరిగాయి. మళ్ళీ తీసుకున్నాడు. సగమే.

పొద్దుట్నుంచీ టైర్లనే చూస్తున్నవాడు, మొదటిసారి తన చేతివంక చూశాడు. చక్రాన్ని చివరిదాకా తిప్పేశాననే అనుకుంటున్నాడు. చెయ్యి మాత్రం సగంలోనే ఆగి ఉంది. ఎవరినో ఒకర్ని తిట్టాలనిపించింది. నోరు తెరిచాడు. నాలుక మొద్దులా అడ్డం పడింది, మాట రాలేదు.

వ్యాను వెనక్కి వచ్చి గేటుకు ఆనుకుని ఆగింది. బావమరిది ఆ గడపనే తొక్కుకుంటూ లోపలికి వచ్చి, బావ కుడి చంక కింద భుజం పెట్టి లేపాడు.

"బండి సెట్టింగ్ బంగారంలా ఉంది బావా. ఇంకా టైముంది, పద. అక్కా, నువ్వు ఆ పక్క పట్టుకో. దారంతా తిట్టాలన్నా తిట్టనీ, మంచిదే."

మీరు కోపంతో ఊగిపోతున్నప్పుడు ఎవరైనా ఒక్కసారి నవ్వమనో చేతులెత్తమనో అడిగితే, అది వెటకారం అనుకునే ముందు, బావ మొహంలో పక్షవాతాన్ని చూసి, తిట్లన్నీ దిగమింగి పరుగెత్తిన ఆ అంబులెన్స్ డ్రైవర్ని గుర్తు చేసుకోండి.