ఏడో సంతకం

“ఈ ఏడో సంతకం ఎవరిది మేడమ్?”

న్యాయవాదుల సంఘం కార్యదర్శి హాజరు పుస్తకాన్ని వకీలమ్మ ముందుకు తోశాడు.

ఆమె కళ్లజోడు సర్దుకుని చూసింది. మూడు వంకర గీతలు.

“మా పెద్దాయనది. ప్రతి నెలా వస్తారు.”

“పేరు?”

తొమ్మిది నెలలుగా ఎదురుగా కూర్చుంటున్న మనిషి పేరు ఆమె ఒక్కనాడూ అడగలేదు.

సంఘంలో పన్నెండు విభాగాలున్నాయి. భూమి కేసులవాళ్లదొకటి, కుటుంబ కేసులవాళ్లదొకటి, పన్నులవాళ్లదొకటి. ఏడాదికోసారి పెద్ద సభ పెట్టి, ఎవరేం పని చేశారో ఒక్కొక్కరూ చదివి వినిపిస్తారు. నెలనెలా జరిగే సమావేశానికి కనీసం ఏడుగురు రావాలి. రాకపోతే ఆ విభాగాన్ని మరోదానిలో కలిపేస్తారు.

వకీలమ్మది జైలు అప్పీళ్ల విభాగం. వకీలును పెట్టుకోలేని ఖైదీలు వేలిముద్ర వేసి అర్జీ పంపితే, పై కోర్టులో వాళ్ల తరఫున నడపడం ఆ విభాగం పని. అంతా కాగితాల మీదే. ఖైదీ ముఖం చూసే అవసరం కూడా రాదు. దాంతో పేరూ రాదు. సభ్యులు ఆమెతో కలిపి ఆరుగురు మిగిలారు.

“ఈయన మన సభ్యుల జాబితాలో లేడు. అసలు వకీలేనా?”

“అయ్యుంటారనుకున్నాను.”

“భలేవారే. సంతకం పెడితే వకీలైపోయేట్టుంటే మా మామగారు ఈపాటికి జడ్జి అయిపోయేవారు.”

పక్క బల్లల దగ్గర నవ్వారు.

కార్యదర్శి గొంతు తగ్గించాడు. “ఆ సంతకాలు కొట్టేయండి. సభలో నేను సర్దిచెప్పి చూస్తాను. కానీ ఆయన మళ్లీ ఆ గదిలో కనబడితే మాత్రం నేనేం చేయలేను.”

తర్వాతి సమావేశానికి పెద్దాయన అందరికన్నా ముందే వచ్చి కుర్చీలు సర్దుతున్నాడు.

ఎప్పటిలాగే మిగతావాళ్లు అరగంటలో టీ తాగి లేచిపోయారు. వకీలమ్మకు మాత్రం లేవాలనిపించదు. ఇంటికి వెళ్తే వచ్చావా అని అడిగే గొంతు లేదు. అందుకే ప్రతి కేసూ నెమ్మదిగా, రెండేసి సార్లు చదువుతుంది. చివరిదాకా వినేది పెద్దాయన ఒక్కడే. విన్నాక తన గ్లాసుతో పాటు ఆమె గ్లాసు కూడా కడిగి బోర్లించి పోతాడు.

“పెద్దాయనా, మీరు వకీలేనా?”

“కాదమ్మా.”

“మరి సంతకం ఎందుకు పెట్టారు?”

“పుస్తకం నా ముందుకొచ్చింది. అందరూ పెడుతున్నారు. పెట్టకపోతే లేచి పొమ్మంటారేమోనని.”

“అసలిక్కడికి ఎందుకొస్తున్నారు?”

“ఆ పద్నాలుగో నంబరు కేసు ఎందాకా వచ్చిందో విందామనమ్మా.”

పద్నాలుగో నంబరు హత్య కేసు. స్నేహితుణ్ణి పొడిచి చంపాడని ఒకతనికి యావజ్జీవం పడింది. ఎనిమిదేళ్లుగా లోపలే ఉన్నాడు.

“మీ అబ్బాయా?”

పెద్దాయన తల దించుకున్నాడు. ఔనన్నట్టే తోచిందామెకు.

“ఖైదీల తాలూకువాళ్లు ఇక్కడ కూర్చోకూడదు. మీ మూలంగా నా విభాగమే పోయేట్టుంది. ఇక రాకండి. తీర్పు వచ్చాక నేనే కబురు చేస్తాను.”

“బయట వరండాలో కూర్చోనా అమ్మా? కిటికీలోంచి వినబడుతుంది.”

“వద్దన్నాను కదా.”

పెద్దాయన రెండు గ్లాసులూ తీసుకెళ్లి కడిగి బోర్లించాడు. చేతులు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.

మెట్లు దిగే చప్పుడు ఆగాక ఆమెకు గుర్తొచ్చింది, చిరునామా అడగలేదని. ఏముందిలే, ఆగలేక తనే మళ్లీ వస్తాడనుకుంది.

రాలేదు.

రెండు నెలలకు పెద్ద సభ జరిగింది. వకీలమ్మ కాగితం విప్పి చదివింది.

“వచ్చిన అర్జీలు ఇరవై మూడు. వేసిన అప్పీళ్లు తొమ్మిది. గెలిచింది ఒకటి, పద్నాలుగో నంబరు.”

కార్యదర్శి సర్దిచెప్పబోయాడు కానీ ఎవరూ వినలేదు. జైలు అప్పీళ్లను క్రిమినల్ విభాగంలో కలిపేయాలన్నారు. చేతులెత్తారు. చప్పట్లు కొట్టి భోజనాలకు లేచారు.

ఆమె గదికొచ్చి బీరువా ఖాళీ చేస్తుంటే గుమ్మంలో ఎవరో నిలబడ్డారు. ముప్పై దాటని మనిషి. జుట్టు మాత్రం సగం నెరిసింది.

“నాది పద్నాలుగో నంబరు కేసండీ. మొన్న వదిలారు.”

ఆమె గబగబా కుర్చీ లాగింది. “కూర్చో నాయనా. నాన్నగారిని తీసుకురాలేదా? ఆయన్ని ఒక మాటన్నాను. అప్పట్నించీ అదే మనసులో ఉంది.”

“నాకు నాన్న లేడండీ. చిన్నప్పుడే పోయాడు.”

“మరి నెలనెలా ఇక్కడికి వచ్చిన పెద్దాయన? పొడుగ్గా ఉంటారు. చెయ్యి కాస్త వణుకుతుంది.”

అతను కూర్చోబోతున్నవాడల్లా ఆగిపోయాడు. “మీ దగ్గరికి కూడా వచ్చేవారా?”

“నీ కేసు వినడానికే వచ్చేవారు.”

“జైలుకీ అలాగే వచ్చేవారండీ. నాకు అక్షరం రాదు. నువ్వు చంపలేదని నాకు తెలుసంటూ అర్జీ రాయించి తెచ్చి, నాచేత వేలిముద్ర వేయించింది ఆయనే. బయటికి రాగానే తిన్నగా ఆయనింటికే వెళ్లాను. తాళం వేసుంది. తీర్పుకి పదిరోజుల ముందే పోయారట. కేసు ఏమైందో ఎవరూ చెప్పడం లేదని చివరిదాకా అంటూనే ఉన్నారని పక్కింటావిడ చెప్పింది.”

వకీలమ్మ బీరువా తలుపు పట్టుకుని నిలబడింది.

“నీకు ఏమవుతారాయన?”

“ఏమీ కారండీ,” అన్నాడతను. “నేను చంపానని జైల్లో వేశారే, ఆ చనిపోయినవాడు ఆయన కొడుకు.”