అడగని పేరు

క్లాడెట్ హోటల్లో కాఫీ బల్లకు ఎదురుగా గోడ మీద ఒకే ఒక్క బోర్డు: "ఇక్కడ ఓట్లు అడగరాదు."

నాలుగేళ్ళకోసారి, మంచు మోకాలి లోతున ఉన్నప్పుడు, అమెరికా అధ్యక్షుడు కావాలనుకునే ప్రతివాడూ న్యూ హాంప్‌షైర్‌లో వచ్చి వాలతాడు. పార్టీ తరఫున ఎవరు నిలబడాలో అందరికంటే ముందుగా ఓటేసి చెప్పేది ఆ రాష్ట్రం వాళ్ళే మరి.

వచ్చినవాళ్ళంతా ఆ బోర్డు చదివి నవ్వారు. దాని కిందే నిలబడి ఫోటో దిగారు. ఓటడిగి మరీ పోయారు.

రేపు పోలింగ్ అనగా, పొద్దున్నే ఓ ముసలాయన గుమ్మంలోనే బూట్ల మంచు దులుపుకుని లోపలికొచ్చాడు. కోటు జేబులోకి చెయ్యి పోనిచ్చి, బోర్డు చదివి, ఖాళీ చెయ్యి బయటికి తీశాడు. అట్లూ మేపుల్ పాకమూ అడిగి ఓ మూల కూర్చున్నాడు.

పక్క బల్ల దగ్గర ఎల్విన్, నార్మండ్ రోజూ ఉండే గొడవలోనే ఉన్నారు.

"ఎవరికేస్తావురా?" అన్నాడు ఎల్విన్.

"ఒక్కొక్కడితో రెండుసార్లేగా చెయ్యి కలిపింది. మూడోసారి కలవందే ఎలా తేలుతుంది?"

"ఏం తేలుతుంది నీ మొహం. బుట్టెడూ పుచ్చులైతే ఏరి ఏం లాభం?"

ఎల్విన్ ముసలాయన వైపు తిరిగాడు. "మీరెవరి తాలూకు పెద్దాయనా?"

"ఎవరి తాలూకూ కాదు."

"అయితే మా జట్టే. దిక్కులేని జట్టు."

ముసలాయన ఏదో అనబోయి, బోర్డు వంక చూసి, అట్టు తుంచుకున్నాడు.

హోటలు నడిపే క్లాడెట్ కాఫీ పోస్తూ, ఈసారి తాను అసలు వెయ్యడమే లేదంది. ఓటు వచ్చినప్పటి నుంచీ ఒక్కసారీ మానలేదట. రేపు మాత్రం పోలింగ్ జరిగే టౌన్ హాల్లో అమ్మకానికి పైలు, అదే పళ్ళు కూరిన తీపి రొట్టెలు, చేసి ఇచ్చి, వెనక తలుపున వెళ్ళి వెనక తలుపునే వచ్చేస్తుందట.

"ఎందుకమ్మా?" అన్నాడు ముసలాయన.

చెప్పకూడదనుకుంటూనే చెప్పింది. కొండ కింద ఆసుపత్రిలో పురుళ్ళ వార్డు ఎత్తేశారు. మరో ఆసుపత్రి గంటన్నర దూరం. కిందటేడు మంచులో ఆమె కూతురు కారులోనే ప్రసవించింది. బిడ్డ దక్కలేదు.

అది వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. ఒకాయన కళ్ళు తుడుచుకుని గడియారం చూసుకున్నాడు. ఇంకొకాయన మర్నాడే పక్క ఊరి సభలో దాన్ని కథగా చెప్పాడు. చప్పట్ల కోసం చివర్న బిడ్డను బతికించాడు కూడా. క్లాడెట్ అది వంటింట్లో రేడియోలో వింది. ఏడవలేదు. చేతిలో ఉన్న పెనం తోమి బోర్లించింది.

ఇప్పుడూ అంతే. ఎవరి సంగతో చెప్పినట్టు చెప్పి, చుక్క చెదరకుండా కాఫీ పోసింది.

ముసలాయన ఫోర్కు కింద పెట్టాడు.

"పాపకు పేరు పెట్టారా అమ్మా?"

ఆ మాట ఇంతవరకూ ఏ ఒక్కరూ అడగలేదు.

"జోసెట్," అంది కాఫీ కూజా బల్ల మీద పెట్టి. "మా అమ్మ పేరు."

"జోసెట్," అన్నాడాయన, ఎక్కడ తప్పు పలుకుతానో అన్నట్టు మెల్లగా.

లేచి కోటు తొడుక్కున్నాడు. "రేపు వెళ్ళి వెయ్యండమ్మా. ఎవరూ నచ్చకపోతే అడుగున ఖాళీ గీత ఉంటుందిగా. మీకు తోచిన పేరు రాయండి."

ఆయన వెళ్ళాక, పత్రికవాడై ఉంటాడన్నాడు ఎల్విన్. పత్రికవాడైతే ఫోటో అడిగేవాడన్నాడు నార్మండ్. అంతటితో ఆ మాట వదిలేశారు.

మర్నాడు క్లాడెట్ అనుకున్నట్టే వెనక తలుపున వెళ్ళింది. ముందు వైపు అభ్యర్థుల పేర్లు రాసిన అట్టలు పట్టుకుని అరిచేవాళ్ళ మొహాలు చూసే ఓపిక లేదు. పైలు బల్ల మీద సర్దింది. తిరిగి రావాల్సిన కాళ్ళు ఎందుకో ఓటేసే తెర వెనక్కి నడిచాయి.

బ్యాలెట్ బారెడుంది. పైన తన చేతి కాఫీ తాగినవాళ్ళు. కింద ఎవరికీ తెలియనివాళ్ళు. రుసుము కట్టిన ప్రతివాడి పేరూ అచ్చేస్తారక్కడ. ఆ అడుగు పేర్లను ఊళ్ళో చదివే నాథుడుండడు. అన్నిటికంటే అడుగున వెండెల్ క్రోథర్స్ అట, ఎవరో. ఆ కింద ఖాళీ గీత.

నిన్నటి ముసలాయన పేరు రాద్దామని పెన్ను ఆనించింది.

పెన్ను కదల్లేదు.

పోయిన బిడ్డ పేరు ఆయన అడిగాడు. ఎదురుగా కూర్చున్న ఆయన పేరు తానడగలేదు.

ఆ గీత మీద "జోసెట్" అని రాసి, పెట్టెలో వేసింది.

వెనక తలుపుకు అడ్డంగా ఎవరో సూపు గుండిగ దింపుతున్నారు. ముందు నుంచే రావాల్సి వచ్చింది. ఎవరి వంకా చూడకుండా అరుపుల వరస దాటింది.

వరస చివర, అందరికీ ఎడంగా, టోపీ నిండా మంచుతో ఒక్క మనిషి అట్ట పట్టుకుని నిలబడ్డాడు. నిన్నటి ముసలాయనే. ఆమెను చూడగానే ఆయన మొహం విప్పారింది.

"వేశారా అమ్మా?"

"వేశాను."

"మంచి పని చేశారు," అన్నాడు. ఎవరికని అడగలేదు.

ఆ అట్ట మీద వంకర టింకరగా చేత్తో రాసి ఉంది: "అధ్యక్ష పదవికి వెండెల్ క్రోథర్స్."