రెండో రోజు జ్వరం

కర్‌ఖేలి నుంచి కూతురు తృప్తిని ముత్తవ్వ నాందేడ్ ఆసుపత్రికి తీసుకొచ్చింది. జ్వరం ఎన్నాళ్ళుగా ఉందని డాక్టరు అడిగాడు.

"నిన్న పొద్దుగాల అచ్చింది సార్. కండ్లు ఎర్రగైనయి. పిక్కలు ముట్టుకోనిస్తలేదు. ఇరవై రోజుల కింద నీళ్ళు నిల్సిన చేన్ల కలుపు తీసింది." ముత్తవ్వ ముఖంలో ఏ కదలికా లేదు.

డాక్టరు పరీక్షకు రక్తం తీయించి, ఫలితం కోసం ఆగకుండా మందు ఎక్కించాడు.

"ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళతోని అచ్చే ఎలుకల జ్వరం లెక్కుంది. అందరూ మామూలు జ్వరమనుకొని, కండ్లు పచ్చవడ్డంక తెస్తరు. నువ్వెట్ల గుర్తువట్టినవమ్మా?"

"వీళ్ళ నాయినకు గిట్లనే అచ్చింది. కలుపు తీసిన నొప్పులని ఇంట్లనే పండవెట్టిన."

"ఇప్పుడెట్లున్నడు?"

ముత్తవ్వ కూతురి దుప్పటి సర్దింది.

"ఎల్లుండి ఆయన దినాలు సార్. గప్పటికి పిల్లను ఇంటికి పంపుతరా?"