ఆవిరికి దారి

మహేశ్వరి సంతలో కొన్న పాత కుక్కర్‌లో విజిల్ తప్ప మిగతావన్నీ మోగుతున్నాయి.

సొట్టలు సరిచేసిన మూత చుట్టూ బుస్సుమని ఆవిరి పోతోంది. లోపల ఉలవలు మాత్రం రాళ్లలాగే ఉన్నాయి.

"పొయ్యి ఆపు పాపా! ముందు పొయ్యి ఆపు!"

గుమ్మంలో ఎవరో నడివయసు ఆవిడ. ఎండన పడి వచ్చినట్టుంది, చీర కుచ్చిళ్లంతా దుమ్ము.

మహేశ్వరి బిత్తరపోయి స్టవ్ కట్టేసింది.

"ఎవరక్కా నువ్వు? యాడి నుంచి వచ్చినావు?"

"ఉరవకొండ సంతలో పాత సామాన్లాయన చెప్పినాడు, ఈ కుక్కర్ నీకు అమ్మినానని. ఒకసారి చూడనీ."

మంచం మీద నుంచి అత్త సిద్దమ్మ తల తిప్పింది. "ఉడికినాయేమ్మే?"

"ఉడుకుతాండాయి అత్తా," అని అబద్ధమాడింది మహేశ్వరి.

సిద్దమ్మకు నోట్లో ఒక్క పన్ను లేదు. ఇంట్లో ఉన్నవి, వాన పడితే విత్తుదామని దాచిన ఉలవలు. వాన మొహం చాటేసింది కాబట్టి ఇక తినడానికే అవి. ఉట్టి గిన్నెలో పెడితే పూటంతా మంట కావాలి. మొగుడు తిప్పేస్వామి బెంగళూరుకు కాంక్రీటు పనికి పోయి, ఫోన్ ఎత్తడం మానేశాడు. ఉన్న సిలిండర్ అయిపోతే మళ్లీ వచ్చేది కల్ల. ముసలామె నోటికి మెత్తటి ముద్ద అందాలంటే ఈ కుక్కరే దిక్కు.

గుమ్మంలోని ఆవిడ లోపలికొచ్చి నేల మీద చతికిలబడింది. ఆవిరంతా పోయేదాకా ఆగి, మూత తీసింది.

"దీన్ని ఎండకు పట్టి చూడు. నడిమి గొట్టంలో వెలుగు కనపడల్ల. కనపడకపోతే ఊదు."

మహేశ్వరి ఊదింది.

"ఉలవలు సగానికి మించి పోయొద్దు. పొట్టు పైకి లేచి గొట్టానికి అడ్డం పడతాది. దించినంక చప్పుడు చల్లారేదాకా మూత ముట్టుకోవద్దు."

"పక్క నుంచి పోతాండాదే ఆవిరి, దానికేం చేయాల?"

"పోనీ. పోతేనే మనకు మంచిది."

చెబుతూ చెబుతూ మూత మీద ఒకచోట ఆవిడ వేలు ఆగిపోయింది.

"అయ్యో, ఇది అట్లనే ఉండాదే!"

"ఏందక్కా?"

"ఆవిరి ఎక్కువైతే ఈడుండే చిన్న బిళ్ల కరిగి దారి ఇయ్యల్ల. ఆ బొక్కలో సీసం పోసి మూసినారు. ఇది పేలుతాది పాపా. నాకిచ్చెయ్. రేపు నీకు కొత్త కుక్కర్ తెచ్చిస్తా."

"పేలుతాదని నీకెట్ల తెలుసు?"

ఆవిడ మూతను ఒళ్లోకి లాక్కుంది.

"తెలుసు," అంది చివరికి, నేల చూస్తూ.

మహేశ్వరికి అనుమానం మొలిచింది. పేరు చెప్పదు, ఊరు చెప్పదు, వస్తువు మాత్రం కావాలంటుంది.

"కొత్తది తెచ్చినాక తీసుకుపో అక్కా."

"అంతవరకూ పొయ్యెక్కించనని చెప్పు. నీ కాళ్లు పట్టుకుంటా." అనడమే కాదు, పట్టుకుంది.

"ఎక్కించన్లే. లే అక్కా, లే."

ఆవిడ అటు మలుపు తిరిగిందో లేదో, ఇటు పక్కింటి బయమ్మ వాలింది. గోడవతల నిలబడి అంతా విన్నట్టుంది.

"పాతదానికి కొత్తది ఇస్తాదంట! ఎవురిస్తారే అట్ల? దీని మందం చూడు, ఇప్పుడు యాడన్నా దొరుకుతాందా ఇట్లాంటి సరుకు? నిన్ను బెదిరించి కొట్టేయాలని వచ్చింది."

"పేలుతాదంటాంది కదక్కా."

"ఆవిరంతా పక్క నుంచి పోతాంటే ఇంక పేలేదేంది? రబ్బరు వదులైనాది, అంతే. దాని కింద పేలిక చుట్టు. నేనూ అట్లనే చేస్తాండా."

మాట ఇచ్చాను కదా అని మహేశ్వరి మధ్యాహ్నం దాకా ఆగింది. ఉడికీ ఉడకని ఉలవలు చిగుళ్లతో నమలలేక సిద్దమ్మ పసిబిడ్డలా ఏడ్చింది. ఆ ఏడుపు వింటూ కూర్చోవడం మహేశ్వరి వల్ల కాలేదు.

పాత చీర పేలిక చింపి రబ్బరు కింద చుట్టింది. గొట్టాన్ని ఎండకు పట్టి చూసింది, ఊదింది. ఆవిడ చెప్పినవాటిలో సులువైనవన్నీ చేసింది. ఉలవలు మాత్రం, మళ్లీ మళ్లీ గ్యాస్ ఎక్కడ వెలిగిస్తాంలే అని, నిండుగా పోసింది.

ఈసారి పక్క నుంచి కొంచెం కూడా ఆవిరి రాలేదు. మహేశ్వరి పొంగిపోయింది. సిద్దమ్మ మంచం దిగి, మెల్లగా దేకుతూ వచ్చి పొయ్యి దగ్గర కూర్చుంది.

"నీళ్లు తెస్తా ఉండత్తా," అని మహేశ్వరి వాకిట్లోకి వెళ్లింది.

విజిల్ వినపడలేదు. ఇల్లు కదిలిపోయేంత చప్పుడు వినపడింది.

అనంతపురం పెద్దాసుపత్రిలో డాక్టరు ఆశ పెట్టుకోవద్దన్నాడు. తెల్లారేసరికి సిద్దమ్మ మూలుగు కూడా ఆగిపోయింది.

కాసేపటికి, కుక్కర్ అడిగిన ఆవిడ వార్డు గుమ్మంలో కనిపించింది. ఊరికి పోయి, సంగతి విని, అట్నుంచి అటే వచ్చినట్టుంది.

మహేశ్వరి దుఃఖమంతా ఆవిడ మీదే విరుచుకుపడింది.

"ఎట్ల తెలుసని అడిగితే నోరు తెరవకపోతివే! చెప్పింటే నమ్మేదాన్ని కదా! నువ్వే చంపినావు మా అత్తను!"

ఆవిడ గోడ పట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది.

వార్డు ఆయా జాయ్ తన చేతిలోని బకెట్ కింద పెట్టింది.

"ఆమెను ఆ మాట అనాకు తల్లీ. వాళ్లూర్లో అందరూ ఆ మాటే అని తరిమినారు."

"ఆమె నీకు తెలుసా?"

"తెలీకేం! పోయిన ఎండాకాలం ఈ వార్డులోనే ఉండె. అల్లుడు ఆ కుక్కర్‌ను పాత సామాన్లకు ఏసినాడని తెలిసినప్పట్నుంచి, దాన్ని పట్టి పగలగొట్టల్లని సంతలన్నీ తిరుగుతాండాది."

మహేశ్వరికి ఇంకా అర్థం కాలేదు. జాయ్ గొంతు తగ్గించింది.

"ఆవిరి పోయి గ్యాస్ దండగైతాందని ఆ బొక్కలో సీసం పోయించింది ఆమేనమ్మా, అది పేలిన పొద్దు పొయ్యి ముందర కూర్చున్నది ఆమె ఒక్కగానొక్క కూతురు."